మూటలు దించకముందే అడిగే తిప్పమ్మత్త

మా తిప్పమ్మత్తకు ఒకే ఒక్క గుణం ఉంది. ఎవరు ఎక్కడికి బయల్దేరినా దారికి అడ్డం నిలబడి, అక్కడ నీళ్లున్నాయా, నీడుందా, పడుకోవడానికి చోటుందా, వానొస్తే ఎక్కడ దూరాలి అని అడుగుతుంది. ఎమ్మిగనూరులో మా వీధి నుంచి ఆమెకు జవాబు చెప్పకుండా మలుపు తిరిగినవాడు ఎర్రిస్వామి తాత ఒక్కడే. ఆయన కూడా పాడె మీద పోయాడు కాబట్టి తప్పించుకున్నాడు. ఆయన కొడుకు మాత్రం దొరికిపోయాడు. మోసేవాళ్లకు శ్మశానంలో తాగడానికి నీళ్లు పెట్టినారా అని అతన్ని ఆపి అడిగింది. పెట్టలేదని తేలాక రెండు బిందెలు ఆటోలో ఎక్కించి ముందు పంపించింది. అంతవరకు తాత కూడా ఆగాల్సి వచ్చింది.

బస్టాండు దగ్గర నాకు ఫ్యాన్లు, మిక్సీలు బాగుచేసే కొట్టు ఉండేది. వైండింగు తీగ కోసం నెలలో నాలుగైదు సార్లు ఆదోనికి పోయేవాణ్ణి. ఆదోని మాకు పక్క ఊరే, నేను కళ్లు మూసుకుని తిరగగలను. అయినా బయల్దేరిన ప్రతిసారీ అత్త గడపలో నిలబడి, మధ్యాహ్నం తిండి ఎక్కడని అడిగేది. హోటల్లో అంటే, ఆ హోటలు ఈ రోజు తెరిచుంటుందా అనేది. తెరిచే ఉంటుంది అత్తా అంటే, "నువ్వు సూసినావా?" అనేది. ఇంట్లో ఉన్నవాణ్ణి ఆదోనిలో హోటలు తెరిచిందీ లేనిదీ ఎట్లా చూస్తాను? ఆ మాట అంటే, చూడనివాడివి ఎట్లా చెప్తావని మళ్లీ మొదటికొచ్చేది. చివరికి సంచిలో రెండు జొన్నరొట్టెలు పెట్టించుకుంటేగానీ బస్సు దొరికేది కాదు.

ఈమె నా భార్య హెప్సిబాకు పెద్దమ్మ. హెప్సిబా ఉయ్యాలలో ఉన్నప్పుడే తల్లి సారమ్మ చనిపోయింది, తండ్రి ఇంకో పెళ్లి చేసుకుని చిప్పగిరి వైపు వెళ్లిపోయాడు. తిప్పమ్మత్తే పెంచింది, నర్సింగు చదివించింది. అందుకే నేను పిల్లను చూడడానికి పోయినప్పుడు నన్ను చూసింది పిల్ల కాదు, ఈమె. హెప్సిబా అప్పటికే ఆదోనిలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు. డ్యూటీ దిగేసరికి బస్సు తప్పితే ఏం చేస్తావని అత్త నన్ను అడిగింది.

"బండేసుకుని పోయి తీసుకొస్తాను."

"బండిలో పెట్రోలు లేకపోతే?"

"కొట్టించుకుంటాను."

"బంకు మూసుంటే?"

"నడిచిపోతాను."

"చెప్పు తెగితే?"

మా నాన్న అప్పటికే లేచి కండువా దులుపుతున్నాడు. ఒట్టి కాళ్లతోనే పోతానని నేను చెప్పాను. అత్త నా పాదాల వైపు చాలాసేపు చూసి, లోపలికి తిరిగి టీ పెట్టమని చెప్పింది. సంబంధం ఖాయమైందని మాకు ఆ టీ తాగాక అర్థమైంది.

ఈ అలవాటు ఆమెకు సుగ్గిలో వచ్చింది. మా పడమటి పల్లెల్లో వానలు సరిగా పడని ఏడాది జనం మూటలు కట్టుకుని, పిల్లల్ని చంకనేసుకుని, గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి పోతారు. దాన్నే సుగ్గికి పోవడం అంటారు. తిప్పమ్మత్త చాలా ఏళ్లు ఒక గుంపుకు పెద్ద. ఆమె పద్ధతి ఒకటే. లారీ చేను దగ్గర ఆగుతుంది, ఎవరూ కిందికి దిగకూడదు, ఒక్క మూట కదలకూడదు. ఈమె ఒక్కతే దిగి రైతును అడుగుతుంది. దించకముందు అడిగితే అది బేరమనీ, దించినాక అడిగితే అది అడుక్కోవడమనీ ఆమె లెక్క. ఒకసారి రైతు బోరులో బంగారంలాంటి నీళ్లున్నాయన్నాడట. ఈమె ఒక్క గుక్క తాగి, ఉమ్మేసి, లారీని వెనక్కి తిప్పించింది. ఎండలో ఇంకో చేను దొరికేదాకా లారీలో ఉన్నవాళ్లంతా ఆమెను తిట్టినవాళ్లే. మరుసటి ఏడు మళ్లీ ఆమె గుంపులోనే పేరు ఇచ్చిన వాళ్లూ వాళ్లే.

ఇట్లాంటి మనిషి ముందు, మొన్న ఏప్రిల్లో హెప్సిబా ఒక మాట చెప్పింది. కరీబియన్ సముద్రంలో ఒక దీవి ఉంది, అక్కడి ఆసుపత్రిలో తనకు ఉద్యోగం వచ్చింది, నన్ను కూడా వెంట తీసుకుపోవచ్చు. సోమవారం లోపల సరే అని రాయకపోతే ఆ చోటు ఇంకొకరికి ఇస్తారు. ఆ దీవి పేరు మా వీధిలో ఎవరికీ నోరు తిరగలేదు. క్రికెట్టు పుణ్యమా అని అందరూ వెస్టిండీస్ అని స్థిరపరిచారు.

ఆదోని ఆసుపత్రిలో హెప్సిబా చేసేది ఇద్దరు చేయాల్సిన పని. ఈ అవకాశం కోసం ఆమె రెండేళ్లు చదివి పరీక్షలు రాసింది. పోవాలని ఎంత ఆశగా ఉందో నాకు తెలుసు. కానీ పెద్దమ్మ నోటి వెంట సరే అన్న మాట రాకుండా తాను రాయనని చెప్పేసింది. అంటే ఆ ఉద్యోగం మొత్తం మా అత్త నోట్లో ఉంది, ఆ నోరేమో ప్రశ్నలతో నిండి ఉంది.

మంగళవారం నీళ్లతో మొదలైంది. చుట్టూ ఉప్పునీళ్లు, మధ్యలో మనిషి, తాగేదేమిటి? బుధవారం గాలి. అంత చిన్న నేల మీద పెనుగాలి లేస్తే ఏ ఊరికి పరిగెత్తాలి? గురువారం తిండి. అన్నీ ఓడలో రావాలంటున్నారే, ఓడ రాని రోజు పొయ్యి మీద ఏం పెడతారు? జొన్నపిండి ఎవరు పంపిస్తారు? అందరికీ మందులిచ్చే నర్సుకు జ్వరమొస్తే ఆమెకు ఎవరిస్తారు? పాములున్నాయా? నేను ప్రతిదానికీ ఫోన్లో చూసి, అన్నీ బాగున్నాయి అత్తా అని చెప్పేవాణ్ణి.

"నువ్వు సూసినావా?"

"ఫోన్లో చూశాను."

"ఫోన్లో సూస్తే దప్పిక తీరుతాదా?"

ఆ తర్వాత నా మీద పడింది. ఈ పిల్లకు ఆసుపత్రి ఉంది, మరి నువ్వాడ పొద్దున లేసి ఏం చేస్తావప్పా అని అడిగింది. నేను వెళ్లేది భార్యతో పాటు పోయే వీసా మీద. పని చేసుకోవడానికి అనుమతి రావాలంటే కొన్ని నెలలు పడుతుంది. ఆ సంగతి చెప్పకుండా, నా గురించి నీకెందుకు బెంగ, మగవాణ్ణి, ఏదో ఒకటి చూసుకుంటానని గట్టిగానే అన్నాను. అదే ప్రశ్న ఆమె శుక్రవారం మళ్లీ అడిగింది.

శనివారం పొద్దున నా కొట్టు ముందుకు రంగన్న వచ్చాడు. మా వీధి చివర ఉంటాడు, అత్తతో సుగ్గికి పోయిన పాత మనిషి. లారీ ఎప్పుడొస్తుందని అడిగాడు. ఏ లారీ అంటే, వెస్టిండీసుకు పోయే లారీ అన్నాడు. వెనకాల అంజినమ్మ, లక్ష్మమ్మ చెరో మూటతో నిలబడి ఉన్నారు. ఒంటిగా పోయేది సుగ్గి కాదు, గుంపు ఉంటేనే రైతు భయపడతాడని అత్త వీధంతా తిరిగి మనుషుల్ని కూడేసింది. రంగన్న దుప్పటి కూడా తెచ్చుకున్నాడు. బెంగళూరులో విమానం ఎక్కాలి, లండనులో దిగి ఇంకోటి ఎక్కాలి, సముద్రాలు దాటాలి అని నేను విడమర్చి చెప్పాను. అంతా విని, మధ్యలో టీకి ఆపుతారా అని అడిగాడు.

నాకు తిక్క రేగింది. కొట్టు మూసి ఇంటికి పోయి అత్త మీద అరిచాను. నీ ప్రశ్నలతో పిల్ల బతుకు ఆగిపోతుందని, ఎల్లుండి గడువని, ఇంకేం కావాలో చెప్పమని అడిగాను. ఆమె నిమ్మళంగా, రైతుతో మాట్లాడాలంది. ఆ దీవిలో రైతు ఎవరు? హెప్సిబా ఆలోచించి, మేం అద్దెకు దిగబోయే ఇంటావిడ పేరు చెప్పింది. ఆ ఇంటావిడ అక్కడి ఆసుపత్రిలోనే వంట చేసి రిటైరైన ముసలామె. తన ఇంట్లో వెనక భాగం మాకు ఇస్తానని ఒప్పుకుంది. మా అత్త ప్రశ్నలకు ఆమెకు కోపమొచ్చి ఇల్లు లేదనేస్తే ఉద్యోగం ఉండీ నిలవడానికి చోటుండదు. వద్దన్నాను. హెప్సిబా నా మాట వినలేదు.

ఆ సాయంత్రం వీడియో కాల్ చేశాం. వాళ్లకు అప్పుడే పొద్దున. తెరలో ఒక నల్లటి ముసలామె కనిపించింది, తలకు గుడ్డ చుట్టుకుని వసారాలో కుర్చీలో కూర్చుంది. ఇటు మా అత్త పీట వేసుకుని కూర్చుంది. గుమ్మంలో రంగన్న గుంపంతా తలలు దూర్చింది. హెప్సిబా మధ్యలో ఉండి ఇటు మాట అటు, అటు మాట ఇటు చెబుతోంది.

నీళ్ల సంగతి అడిగితే, కప్పు మీద పడే వాన నీళ్లన్నీ తొట్టిలోకి పట్టుకుంటామని ఆమె చెప్పింది. తొట్టి చూపించమంది అత్త. హెప్సిబా దాన్ని మర్యాదగా మార్చి, వీలైతే ఎప్పుడైనా చూపిస్తారా అని చెప్పింది. అత్త వెంటనే పట్టేసింది.

"నేను ఒక ముక్క సెప్తే నువ్వేంది అంత సాగదీసినావు? సూపించమను."

ముసలామె లేచి, ఫోను పట్టుకుని పెరట్లోకి నడిచి, తొట్టి మూత ఎత్తింది. ఒక గ్లాసు ముంచుకుని తాగమను అంది అత్త. ఇంక అయిపోయింది అనుకుని నేను కళ్లు మూసుకున్నాను. తెరిచి చూసేసరికి ఆమె గ్లాసెత్తి గటగటా తాగి, ఖాళీ గ్లాసు బోర్లించి మాకు చూపించింది. గుమ్మంలో రంగన్న తల ఊపాడు.

అక్కడి నుంచి ఇద్దరికీ ఊపొచ్చింది. గాలివాన గురించి అడిగితే ఆమె కిటికీలకు బిగించే చెక్కలు చూపించింది, వీధి చివర రాళ్లతో కట్టిన చర్చి చూపించి అందరం అందులోకి పోతామంది. ఓడ రాకపోతే ఏం తింటారంటే పెరట్లో చెట్టుకున్న పెద్ద పెద్ద కాయలు చూపించి, వాటిని కాల్చుకుంటామంది. నర్సుకు జ్వరమొస్తే ఎవరంటే, తన రొమ్ము మీద చెయ్యి వేసుకుంది.

అప్పుడు అత్త పీట ముందుకు జరుపుకుని ఇంకో ప్రశ్న అడిగింది.

"ఈ పిల్ల ఏడిస్తే నీకు ఇనపడేంత దగ్గర్లో ఉంటావా?"

హెప్సిబా దాన్ని ఇంగ్లీషులో చెప్పలేకపోయింది. ఫోను నా చేతిలో పెట్టి గోడ వైపు తిరిగింది. నాకొచ్చిన ఇంగ్లీషంతా మిక్సీ డబ్బాల మీద చదివి నేర్చుకున్నది. ఆ నాలుగు ముక్కలతో, ఆమె ఏడుస్తే మీకు వినపడుతుందా అని ఎట్లాగో అడిగాను. ముసలామె నవ్వలేదు. ఇంటి లోపలికి నడిచి, రెండు భాగాల మధ్య ఉన్న గోడ దగ్గర నిలబడి, వేళ్ల కణుపులతో కొట్టింది. టక్కుటక్కుమంది. ఒట్టి చెక్కగోడ.

ఆ తర్వాత ముసలామె అడగడం మొదలుపెట్టింది. ఈ పిల్ల చేపలు తింటుందా? ఆదివారం చర్చికి పోతుందా? మొగుడు తాగుతాడా? ఆ ప్రశ్న మాత్రం ఆమె తెరలో నా మొహం చూస్తూనే అడిగింది. నేను నా నాలుగు ముక్కలతో ఇటూ అటూ చెబుతుంటే, అత్త ఒక్కోదానికి జవాబిస్తూ వెలిగిపోతోంది. జీవితంలో మొదటిసారి తనకు సమానమైన మనిషి దొరికింది. చివరికి ముసలామె, ఈ పిల్ల ఇక్కడికొస్తే అక్కడ నీకెవరున్నారు అని అడిగింది. అత్తను ఎవరూ అట్లా అడగగా నేను వినలేదు. అత్త ఫోను నా చేతిలోంచి లాక్కుని గుమ్మం వైపు తిప్పింది. రంగన్న దుప్పటి సర్దుకుని నిటారుగా నిలబడ్డాడు, లక్ష్మమ్మ చెయ్యి ఊపింది. ముసలామె వాళ్లందరినీ ఒక్కొక్కరినీ చూసి, సరే అన్నట్టు తలాడించింది.

ఫోను పెట్టేశాక కూడా నా తిక్క పూర్తిగా దిగలేదు. వేల మైళ్ల అవతల కూర్చున్న మనిషి చెప్పింది నిజమో అబద్ధమో నీకెట్లా తెలుస్తుంది, నువ్వు చూశావా అని ఆమె మాట ఆమెకే అప్పజెప్పాను. అత్త చీర కుచ్చిళ్లు దులుపుకుంటూ లేచింది.

"నాకు తెలీదప్పా. గుంటూరు రైతులూ అబద్ధాలు సెప్పినోళ్లే. నేనడిగేది జవాబు కోసం గాదు. ఈ పిల్లకు అడిగేవాళ్లు ఉండారని వాళ్లకు తెలియల్ల. అడిగేవాళ్లు లేని మనిషని తెలిస్తే ఎవురైనా ఎట్లైనా సూస్తారు."

ఆమె గోడ దగ్గర నిలబడ్డ హెప్సిబా దగ్గరికి పోయి, చెంగుతో మొహం తుడిచి, మూట కట్టుకో పాపా అంది. హెప్సిబా అక్కడే కూర్చుని ఆసుపత్రికి సరే అని రాసి పంపింది. ఇన్నేళ్లూ అత్తను అడ్డుగోడ అనుకున్నందుకు నాకు సిగ్గేసింది. ఆ సంగతి ఆమెకు చెప్పలేదు, చెబితే ఎందుకని అడుగుతుంది.

మేం ఈ దీవికి వచ్చి రెండు నెలలు దాటింది. హెప్సిబాకు ఏ ఇబ్బందీ లేదు. ఆసుపత్రిలో అందరూ ఆమెను ప్రేమగా చూస్తారు, ఇక్కడి చేపల పులుసు నేర్చుకుంది, ఇక్కడివాళ్లకు గుగ్గిళ్లు నేర్పింది. ఇబ్బంది పడింది ఏదో ఒకటి చూసుకుంటానన్న మగవాడు. నా అనుమతి కాగితం ఇంకా రాలేదు. ఆమె పొద్దున డ్యూటీకి పోతే నేను మంచం మీద కూర్చుని సముద్రం వైపు చూస్తాను. మొదటి వారం బాగుంటుంది. తర్వాత సముద్రం ఎంతసేపు చూసినా అదే సముద్రం.

ఒక మధ్యాహ్నం బస్టాండు గుర్తొచ్చింది. ఆ హారన్లు, నా కొట్టు ముందు టీ గ్లాసుల చప్పుడు, ఫలానా మిక్సీ ఇంకా కాలేదా అని గదమాయించే ఆడవాళ్లు, అన్నీ ఒకేసారి గుర్తొచ్చాయి. ఏడ్చానని అనను. ముక్కు చీదాను, అంతే. మొహం దిండులో పెట్టుకుని చీదాను కాబట్టి ఎవరికీ తెలిసే అవకాశం లేదనుకున్నాను.

చెక్కగోడ అవతల కుర్చీ జరిగిన చప్పుడైంది. కాసేపటికి ఇంటావిడ వెనక గుమ్మంలోంచి లోపలికొచ్చింది, ఒక చేతిలో వేయించిన చేపల పళ్లెం ఉంది. మీ అత్త నన్ను అడిగింది ఆ పిల్ల గురించి, కానీ గోడ మీ ఇద్దరికీ ఒక్కటే కదా అని, పళ్లెం నా ఒళ్లో పెట్టింది. నేను జలుబు చేసిందని చెప్పాను. అవును, ఈ కాలంలో చేస్తుందని ఒప్పుకుంది.

తర్వాత కుర్చీ లాక్కుని నా ఎదురుగా కూర్చుంది. పొద్దున ఏం తిన్నావు అని మొదలుపెట్టింది. నిద్ర పడుతోందా? మీ ఊళ్లో నీ కొట్టు ఎట్లా ఉండేది? ఎవరెవరు వచ్చేవాళ్లు? మీ అమ్మ ఏం వండేది? నా మిక్సీ ఇంగ్లీషుతో తడబడుతూ ఒక్కోటీ చెప్పాను. ఆమె తొందరపడలేదు. హెప్సిబా డ్యూటీ దిగి వచ్చేసరికి ఆమె ఇంకా అడుగుతూనే ఉంది, నేను చెబుతూనే ఉన్నాను.